అల్మారాలో ముసలమ్మ

పెద్దకోడలికి ఆయాసం ఈసారి గదిలోనే వచ్చింది.

"నోరు ఇంకాస్త తెరువు అక్కా. ఇప్పుడు పీల్చు. వెంటనే వదలకు, లోపలే పట్టి ఉంచు," అంటోంది చిన్నకోడలు. పీల్చే మందు గొట్టం ఆమె చేతిలోనే ఉంది. కింద బేకరీలో పైకోటు విప్పేసి, మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుని పరుగెత్తుకొచ్చింది. చేతులు ఇంకా తడిగానే ఉన్నాయి.

పెద్దకోడలి భర్త గుమ్మం బయటే నిలబడ్డాడు. కనుబొమ్మల మీద కూడా పిండి ఉన్న మనిషి ఆ గదిలోకి రాకూడదని డాక్టరమ్మ చెప్పింది. అందుకని గడప అవతల నుంచే, "తగ్గిందా? పెదాలు నల్లబడుతున్నాయేమో చూడమ్మాయ్," అంటున్నాడు. అడగడం కూడా తమ్ముడి భార్యనే అడుగుతున్నాడు.

పెద్దకోడలికి ఊపిరాడకపోవడం ఒక బాధ అయితే ఇది రెండోది. ఊపిరి నాది, మందు నాది, మొగుడు నావాడు, మధ్యలో ఈ తడి చెయ్యి ఎవరిది అనుకుంది. అలా అనుకోవడానికి కూడా గాలి చాలక దగ్గింది.

కాసేపటికి ఛాతీలో ఈల మోత సన్నగిల్లింది. మంచం పక్కన కుర్చీలో కూర్చుని అంతా చూస్తున్న అత్తగారు అప్పుడు నోరు విప్పింది.

"నాకు తెలియక అడుగుతాను. బేకరీలో అడుగు పెట్టక నెల దాటింది. కిటికీ తెరవడం లేదు. నా కొడుకు స్నానం చేసి బట్టలు మార్చుకుంటే తప్ప గడప దాటడం లేదు, కింద గదిలోనే పడుకుంటున్నాడు. చీపురు మానేసి తడిగుడ్డతో తుడుస్తున్నాం. ఇన్ని చేసినా మేడ మీద కూర్చున్న మనిషికి పిండి ఎక్కడి నుంచి వస్తోంది?"

చిన్నకోడలు మందు గొట్టానికి మూత పెట్టింది.

"పడనిది పిండా, తోడికోడలా?" అంది అత్తగారు మళ్ళీ.

"అమ్మా, ఊరుకో," అన్నాడు కొడుకు.

ఆ ప్రశ్నకి జవాబు ఆ గదిలో ఒక్కరికే తెలుసు. తేలు కుట్టిన దొంగ అరవగలడా? పెద్దకోడలు దుప్పటి గడ్డం దాకా లాక్కుని గోడవైపు తిరిగింది.

పిండి అల్మారాలో ఉంది. పై అరలో చలికాలపు బట్టల వెనక, పాత శాలువాలో చుట్టిన గాజుసీసాలో ముసలమ్మ ఉంది. దాని పక్కనే చిన్న డబ్బాలో దాని తిండి ఉంది.

ముసలమ్మ అంటే ఈ ఇంట్లో అత్తగారు కాదు. అత్తగారి అత్తగారి కాలం నుంచి చావకుండా వస్తున్న పులిపిండి ముద్ద. రోజూ కాస్త పిండి, కాస్త నీళ్ళు పెడితే బుడగలు వేస్తూ పొంగుతుంది. దానిలోంచి కొంత తీసి పెద్ద ముద్దలో కలిపితేనే ఈ బేకరీ రొట్టెకి ఆ రుచి. పెద్దకొడుకు భార్య చేతిలోనే అది ఉండాలి. సీసా ఎవరి చేతిలో ఉంటే పిండి బల్ల వాళ్ళది. తాళాలూ, గల్లాపెట్టె ఎవరి దగ్గరున్నా లెక్కలేదు.

ఆ సీసా పుచ్చుకుని పదిహేనేళ్ళు పిసికింది పెద్దకోడలు. తుమ్ములు మొదలైతే జలుబంది. మణికట్టు దురద పెడితే సబ్బు మార్చింది. చివరికి ఒకరోజు బల్ల మీదే ఊపిరాడక ఒరిగిపోయింది. డాక్టరమ్మ చేతి మీద రకరకాల చుక్కలు వేసి సూదితో గీరి చూస్తే, గోధుమపిండి చుక్క దగ్గర దోమ కుట్టినట్టు ఉబ్బింది.

"రొట్టె తినొచ్చు, మీకు తినడంతో గొడవ లేదు. పిండి పీల్చకూడదు," అంది డాక్టరమ్మ.

"ఇన్నాళ్ళూ పడిన పిండి ఇప్పుడెందుకు పడదు?" అని అడిగింది పెద్దకోడలు.

"రోజూ పీల్చేవాళ్ళకే వస్తుందమ్మా ఈ జబ్బు. ఒంటికి దాని మీద పగ పుట్టడానికి ఒకరికి నెలలు చాలు, ఒకరికి ఏళ్ళు పడుతుంది. పుట్టాక మాత్రం చిటికెడు చాలు."

ఆమె ఇంటికొచ్చేసరికి బల్ల దగ్గర చిన్నకోడలు నిలబడి ఉంది. పెళ్ళికి ముందు చెప్పుల దుకాణంలో పెట్టెలు సర్దిన పిల్ల. తోడికోడలి పైకోటే తొడుక్కుని, చేతులు మడుచుకుని, "ఇలాగేనా బావగారూ?" అంటోంది. అది చూసిన కళ్ళలో కారం కొట్టినట్టయింది పెద్దకోడలికి. ఆ సాయంత్రమే, ముసలమ్మకి నల్లగా బూజు పట్టిందనీ, పారబోశాననీ చెప్పేసింది.

అత్తగారు సొంత మనిషి పోయినట్టు ఏడ్చింది. మర్నాటి నుంచీ రొట్టెల్లో పొట్లం ఈస్టు వేస్తున్నారు. రొట్టె రుచి పోయి, రెండు వారాల్లో తన దగ్గరికే వచ్చి కాళ్ళావేళ్ళా పడతారనుకుంది. ఒక్క చెంచాడు పిండికి ఏమవుతుందిలే అనీ అనుకుంది. ముక్కుకి తడిగుడ్డ కట్టుకుని రోజూ ముసలమ్మకి తిండి పెడుతోంది. డాక్టరమ్మ చెప్పిన చిటికెడు కంటే చెంచా పెద్దదన్న సంగతి ఆమెకు తెలియక కాదు. కడుపులో మంట ఊపిరితిత్తుల మాట ఎప్పుడు విన్నది గనక.

"ఇంకొక్కసారి ఇలా వస్తే లాభం లేదు," అన్నాడు భర్త గుమ్మం దగ్గర నుంచి. "మీ అన్నయ్యవాళ్ళింట్లో కొన్నాళ్ళు ఉండు. కింద బేకరీ పెట్టుకుని మేడ మీద జాగ్రత్తలేమిటి? గాలి మారితే నయమవుతుందేమో."

"కొన్నాళ్ళంటే?"

"నయమయ్యేదాకా."

"పిండి జబ్బు నయమవడం ఏమిటండీ. ఇది పోయే జబ్బు కాదని ఆవిడ చెప్పింది కదా."

అతను మెట్ల వైపు తిరిగాడు. చిన్నకోడలు వంగి చెప్పులు సరిచేసుకుంటోంది. దాని అర్థం ఏమిటో పెద్దకోడలికి ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. పోయే జబ్బు కాకపోతే, వెళ్ళాక తిరిగి రావడమూ ఉండదు. బల్ల పోయింది. ఇక ఇల్లూ పోతుంది.

మధ్యాహ్నం బ్యాచికి పిండి కలిపే చప్పుడు నేల గుండా పైకి వస్తోంది. ధబ్, ధబ్. రెండు జతల చేతులు. ఒకటి బరువుగా, తీరుబడిగా పడుతోంది. రెండోది తేలిగ్గా, తొందరగా పడుతోంది. మొదట్లో ఆ రెండో చప్పుడు తడబడేది. ఇప్పుడు తడబడటం లేదు. పెద్దకోడలు చెవి నేలకి ఆనించి వింటోంది. ఆ పని చేస్తున్నందుకు తన మీద తనకే అసహ్యంగా ఉంది, అయినా లేవలేదు.

ఇంతలో నవ్వు వినిపించింది. అతని నవ్వు.

పదిహేనేళ్ళు అదే బల్లకి అటూ ఇటూ నిలబడ్డారు. తనతో అంతగా నవ్విన గుర్తు లేదు. మాట్లాడుకునే అవసరమే ఉండేది కాదు. అతను చెయ్యి చాపితే ఏం కావాలో ఆమెకు తెలిసేది, ఆమె తల ఎత్తితే ఓవెన్ వేడి ఎంతుందో అతను చెప్పేవాడు. దాన్నే దగ్గరతనం అనుకుంది. ఇప్పుడు కింద ఎవరో నవ్విస్తుంటే, పదిహేనేళ్ళూ తాను అతన్ని విసిగించానేమో అన్న అనుమానం పట్టుకుంది.

భోజనం వేళకి అతను స్నానం చేసి, తెల్లటి చొక్కా మార్చుకుని, పళ్ళెం పట్టుకుని వచ్చాడు. ఈసారి గడప దాటాడు. మంచం చివర కూర్చున్నాడు. పళ్ళెంలో పులుసు, పక్కన రెండు ముక్కల రొట్టె.

ఆమె ఒక ముక్క విరిచి నోట్లో వేసుకుంది.

"ఎలా ఉంది?"

"దూది తిన్నట్టుంది."

"పొట్లం ఈస్టు కదా. అంతే ఉంటుంది." పళ్ళెం ఆమె వైపు జరిపాడు. "జనం అడుగుతున్నారు. మూలింటి దర్జీ నిన్న కొనకుండానే వెళ్ళాడు."

లోపల ఎక్కడో చల్లగా ఉంది ఆమెకు. పైకి మాత్రం, "అయ్యో," అంది.

"ఆ అమ్మాయి కొత్త ముసలమ్మని పెంచుతోంది. నిన్న బుడగలు వేసింది."

చల్లదనం కాస్తా ఆవిరైపోయింది. "బుడగలు సబ్బునీళ్ళక్కూడా వస్తాయి."

"నువ్వోసారి చెబితే దానికి..."

"చెబితే వచ్చేది కాదది. చేతికి రావాలి. చెప్పుల జతలు కలిపినంత తేలికా?"

"దాని మీద అంత కోపమెందుకు? రోజంతా నీ మాటే. అక్క ఇలా చేసేదా, అక్క నీళ్ళు ముందు పోసేదా అని నా ప్రాణం తీస్తోంది."

"అందుకేనా అంత నవ్వొస్తోంది మీకు?"

అతను ఆమె వంక చూశాడు. తలుపు వైపు చూశాడు. "ఇందాక పిండి బస్తా చిల్లుపడి నా తల మీద కారింది. అందుకు నవ్వాం," అన్నాడు మెల్లిగా.

నవ్వాం. ఆ ఒక్క మాట విని ఆమె చేతిలోని రొట్టె ముక్క పళ్ళెంలో పడేసింది.

"బూజు పట్టినప్పుడు అడుగునుంచి ఒక చిన్న ముద్దయినా తీసి ఉంచాల్సింది నువ్వు," అన్నాడతను పళ్ళెం తీసుకుంటూ. నిష్ఠూరమేమీ లేదు ఆ గొంతులో.

"అంతా నల్లబడిపోయింది. ఏం ఉంచను?"

"అవున్లే. నువ్వు చూస్తే తప్పు పడదు." అతను నమ్మాడు. అబద్ధం పట్టుబడినా ఇంత బాధ ఉండేది కాదేమో. అతను మెట్లు దిగిన చప్పుడు ఆగేదాకా ఆమె అల్మారా వైపు చూడలేదు.

ఓవెన్ చల్లార్చిన తర్వాత చిన్నకోడలు బకెట్టూ, తడిగుడ్డలూ పట్టుకుని పైకొచ్చింది. స్నానం చేసి, పొడుగు చేతుల చొక్కా వేసుకుంది. లోపలికొస్తూనే తలుపు మూసింది.

"లే అక్కా. గది అంతా నేను తుడుస్తాను. ఫ్యాను రెక్కలు, మంచం కింద, పరుపు కింద, అన్నీ. ఎక్కడో దాక్కుని ఉంటుంది పిండి."

"అక్కర్లేదు."

"ఇంకొక్కసారి వస్తే పంపించేస్తారట నిన్ను. విన్నావు కదా."

"పంపిస్తే నీకు మంచిదే కదా."

చిన్నకోడలు ఆ మాట విననట్టే కుర్చీ ఎక్కి ఫ్యాను తుడిచింది. కిటికీ చట్రం తుడిచింది. పరుపు ఎత్తి చూసింది. పెద్దకోడలు మంచం మీద బిగుసుకుని కూర్చుంది. గుడ్డ పిండిన ప్రతిసారీ ఆ పిల్ల అల్మారాకి ఒక అడుగు దగ్గరవుతోంది.

చివరికి అల్మారా పిడి మీద చెయ్యి వేసింది.

"దాని జోలికెళ్ళకు." పెద్దకోడలు లేచి అడ్డం నిలబడింది. "నా బట్టలు. నా అల్మారా. ఈ ఇంట్లో నాదంటూ మిగిలింది ఇదొక్కటే. ఇది కూడా కావాలా నీకు?"

"అక్కా."

"బల్ల తీసుకున్నావు. నా కోటు తొడుక్కున్నావు. నా మొగుడికి నా కబురు నువ్వు చెబుతున్నావు. నేను పీలుస్తున్నానో లేదో కూడా నిన్నే అడుగుతున్నాడాయన."

"అక్కా, ముసలమ్మ బతికే ఉంది కదూ."

పెద్దకోడలు ఆ పిల్ల చెయ్యి పిడి మీంచి తోసేసింది.

"దుప్పటి కోసం నీ అల్మారా తీసినప్పుడు పులిసిన వాసనొచ్చింది," అంది చిన్నకోడలు. "మొన్ననే. ఎవరికీ చెప్పలేదు. నువ్వే ఇస్తావనుకున్నాను. ఇవాళ పొద్దున నీ పెదాలు చూశాక భయమేసింది. అదిలా ఇచ్చెయ్యి. కింద నా దగ్గరుంచుతాను. నా కొత్తదే బాగా పొంగిందని చెబుతాను. నీ మీద మాట రాదు."

ఎంత చక్కటి ఏర్పాటు అనుకుంది పెద్దకోడలు. ముసలమ్మ నాది, పేరు దానిది.

"ఇవ్వకపోతే?"

"నీ ప్రాణం అక్కా అది తినేది."

"నా ప్రాణం మీద నీకెందుకంత ప్రేమ?"

చిన్నకోడలు ఆమె భుజం మీదుగా చెయ్యి చాపి తలుపు లాగింది. పెద్దకోడలు ఆ చెయ్యి పట్టుకుంది. ఇద్దరి పెనుగులాటలో చలికాలపు బట్టలు కింద పడ్డాయి. శాలువా జారింది. చిన్నకోడలు గాజుసీసాని గాల్లోనే అందుకుని గుండెకి హత్తుకుంది. పక్కనున్న పిండి డబ్బా మాత్రం ఆమె కాళ్ళ దగ్గర మూత ఊడి పడింది. తెల్లటి దుమ్ము నెమ్మదిగా లేచింది.

పెద్దకోడలు ముక్కు మీద శాలువా అడ్డం పెట్టుకుని కిటికీ దాకా వెనక్కి తగ్గి రెక్క తెరిచింది. ఆ క్షణాన గది దద్దరిల్లేలా ఒక తుమ్ము. వెంటనే ఇంకొకటి. ఆగకుండా వరసపెట్టి.

తుమ్ముతున్నది తను కాదు.

చిన్నకోడలు సీసా వదలకుండా గోడకి ఆనుకుంది. కళ్ళు ఎర్రబడ్డాయి, నీళ్ళు కారుతున్నాయి. చొక్కా చెయ్యి పైకి జరిగి మణికట్టు కనిపించింది. గీరి గీరి పచ్చిపుండైన చర్మం. ఆ ఎరుపు పెద్దకోడలికి కొత్త కాదు. ఆ చోటు కూడా కొత్త కాదు. సబ్బు మార్చింది దానికోసమే.

ఆమెకు ముందు కలిగింది జాలి కాదు. ఉన్నమాట చెప్పాలి కాబట్టి చెప్పడం. లోపల ఒక దీపం వెలిగినట్టయింది. హమ్మయ్య, దీనికీ పడదు అనుకుంది.

"ఎన్నాళ్ళ నుంచి?"

"జలుబు అంతే."

"ఎన్నాళ్ళ నుంచే?"

చిన్నకోడలు గోడ పట్టుకుని నేల మీద కూర్చుంది. "నాలుగైదు రోజులై చెయ్యి దురద. తుమ్ములు అంతకు ముందు నుంచీ ఉన్నాయి. బావగారు చూడకుండా వెనక గదిలోకి వెళ్ళి తుమ్మి వస్తున్నాను. చెప్పకు అక్కా."

"నాలాగే అయిపోతావు. ఇప్పుడే మానేస్తే తుమ్ములతో పోతుంది. దాస్తే ఊపిరితిత్తుల దాకా వస్తుంది. నేను దాచి ఇలా అయ్యాను."

"తెలుసు."

"తెలిసీ ఎందుకు?"

"ఈ ఇంటికొచ్చి ఏడాదయింది," అంది చిన్నకోడలు ముక్కు తుడుచుకుంటూ. "మా ఆయన బండి వేసుకుని రొట్టెలు పంచడానికి పోతే సాయంత్రానికి గాని రారు. మీరిద్దరూ బల్ల దగ్గర ఉంటే నేను మెట్ల మీద కూర్చుని చూసేదాన్ని. ఒక్క మాటా లేకుండా రెండు జతల చేతులు ఎలా కలిసి తిరిగేవో. కుళ్ళుకుని చచ్చేదాన్ని. నువ్వు పడిపోయిన రోజు అంబులెన్సు వెళ్ళాక నేను ఏడవలేదు అక్కా. నీ కోటు తొడుక్కుని చూసుకున్నాను."

పెద్దకోడలు తిట్టడానికి నోరు తెరిచింది గాని, తిట్టవలసిన మాటలన్నీ తనకూ సరిపోయేలా ఉన్నాయి.

మెట్ల మీద అడుగుల చప్పుడు. బరువైన అడుగులు, తీరుబడిగా కాదు, గబగబా. చిన్నకోడలు నోటికి మోచెయ్యి అడ్డం పెట్టుకుంది. ఇంకో తుమ్ము ఆపుకోవడానికి ఒళ్ళంతా బిగబట్టింది.

"ఎవరా తుమ్మింది?" తలుపు అవతల భర్త గొంతు. "అమ్మ వీధి గుమ్మం దాకా వినిపించిందంటోంది. ఎవరు?"

జవాబు పెద్దకోడలి నాలుక మీదే ఉంది. మీ మరదలే అంటే చాలు. రేపటి నుంచి బల్ల దగ్గర రెండో జత చేతులు ఉండవు. ఆ నవ్వూ ఉండదు. కానీ మీ మరదలు అన్న మరుక్షణం ఆ పిల్ల చేతిలో సీసా సంగతీ బయటపడుతుంది. నువ్వు చూస్తే తప్పు పడదు అన్న మనిషి గడప లోపలికొచ్చి ఆ సీసా చూస్తాడు. అదొక్కటే అయితే ఏదో ఒకటి కల్పించి చెప్పేదే. నేల మీద కూర్చున్న పిల్ల ఎర్రటి మణికట్టు కనిపిస్తోంది. నోరు మూసుకుని కళ్ళతో బతిమాలుతోంది. ఆ చూపు తట్టుకోలేకపోయింది.

"నేనే," అంది పెద్దకోడలు.

అవతల గడియ కదిలి ఆగింది.

"ఇంత కడిగినా, ఇంత తుడిచినా అంతేనన్నమాట," అన్నాడతను. గొంతు అలిసిపోయి ఉంది. "ఇక వాదించకు. తమ్ముడు బండి తీసుకుని రాగానే మీ అన్నయ్యవాళ్ళింట్లో దింపుతాను. రెండు జతల బట్టలు పెట్టుకుంటే చాలదు, అన్నీ సర్దుకో. ఎన్నాళ్ళో తెలియదు."

పెద్దకోడలు చిన్నకోడలి వైపు తిరిగింది. ఇప్పుడు చెప్పు అన్నట్టు చూసింది. తుమ్మింది నేనని చెప్పు. ఒక్క మాట చాలు, ఈ ప్రయాణం ఆగిపోతుంది.

చిన్నకోడలు తల వంచుకుని సీసాలోకి చూసింది. పైకి తేలిన ఒక బుడగ పగిలేదాకా చూసింది. తర్వాత మోచేత్తో మొహం తుడుచుకుని నెమ్మదిగా లేచి నిలబడింది.

"మీరు కిందికెళ్ళండి బావగారూ. అక్క బట్టలు నేను సర్దిపెడతాలెండి," అంది.

గొంతు మామూలుగానే ఉంది. సీసాను మాత్రం కింద పెట్టలేదు.